ముప్పై నిమిషాలు, పాతికమంది పిల్లలు: ఒక్కొక్కరి వంతు ఎంత?

"యాపొద్దు జూసినా పాటలు, ఆటలేనంట. అచ్చరాలు ఎప్పుడు నేర్పిస్తారు మేడమ్?"

కర్నూలు, కడప వైపు అంగన్‌వాడీ గడప దగ్గర ఈ మాట కొత్తేమీ కాదు. అడిగే తల్లిని తప్పుపట్టలేం. పక్కింటి పిల్లాడు టై కట్టుకుని ఎల్‌కేజీ బస్సెక్కుతాడు. సాయంత్రానికి నాలుగు గీతల నోటుపుస్తకంలో ఏ నుంచి జెడ్ దాకా దించుకొస్తాడు. తన బిడ్డేమో చేతులనిండా సుద్దపొడి అంటించుకుని, ఏదో పాట గొణుక్కుంటూ వస్తుంది. కంటికి కనిపించే రుజువు నోటుపుస్తకమే కాబట్టి చదువంతా అక్కడే ఉందనిపిస్తుంది. అవునో కాదో తేల్చేముందు చిన్న లెక్క ఒకటి చూద్దాం.

గ్రామాల్లో 400 నుంచి 800 జనాభాకు ఒక అంగన్‌వాడీ కేంద్రం ఉండాలన్నది కేంద్ర ప్రభుత్వ నిబంధన. మన రాష్ట్రంలో వెయ్యిమందికి ఏడాదికి ఉరామరిగా 16 మంది పుడుతున్నారు. ఆ లెక్కన 800 మంది ఉన్న ఊళ్ళో ఏటా పదమూడు కాన్పులు. మూడు నుంచి ఆరేళ్ళ మధ్య పిల్లలంటే మూడేళ్ళ కాన్పులు కాబట్టి దాదాపు 38 మంది. వాళ్ళలో కొందరు ప్రైవేటు బడికి పోతారు. కోసిగి, ఆదోని, మంత్రాలయం వైపైతే కొందరు అమ్మానాన్నలతో గుంటూరు మిరప చేలకు సుగ్గికి (వలస కూలికి) పోతారు. మిగిలినవాళ్ళను లెక్క సులువు కోసం పాతికమంది అనుకుందాం. వాళ్ళకు ఒక టీచర్, ఒక ఆయమ్మ.

ఆ టీచర్ అరగంటపాటు ఒక్కొక్కరినీ పిలిచి పలక మీద అక్షరం దిద్దించిందనుకోండి. అరగంటంటే 1,800 సెకన్లు. పాతికతో భాగిస్తే 72. ఒక్కో బిడ్డకు దక్కింది నిమిషం పన్నెండు సెకన్లు. మిగతా 28 నిమిషాల 48 సెకన్లు ఆ బిడ్డ తన వంతు కోసం కూర్చుంది. కూర్చుందంటే మాటవరసకు అన్నాను, నాలుగేళ్ళ బిడ్డ అంతసేపు కూర్చోదు. పక్కవాణ్ణి గిల్లుతుంది, బల్లిని చూస్తుంది, నీళ్ళకు పోతానంటుంది.

దీన్ని ఏడాదికి లెక్కగడితే ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అంగన్‌వాడీల్లో ఏడాదికి 300 రోజులు పోషకాహారం పెట్టాలన్నది నిబంధన. ఆ 300 రోజులూ బడి జరిగిందనుకుందాం. రోజుకు 72 సెకన్ల చొప్పున ఆ బిడ్డకు దక్కే చదువు సరిగ్గా ఆరు గంటలు. ఎదురుచూపు 144 గంటలు. అంటే రాత్రీపగలూ కలిపి ఆరు రోజులు.

ఇప్పుడు అదే అరగంటలో పన్నెండు నిమిషాలు తీసి పాటకు ఇద్దాం. మూడు నిమిషాల పాట, నాలుగుసార్లు. పాతికమందీ ఒకేసారి నోరు తెరుస్తారు, ఒకేసారి చప్పట్లు కొడతారు. వంతు కోసం కాచుకునే పనే లేదు. ఒక్కో బిడ్డ ఏడాదికి 60 గంటలు మాట్లాడుతూ, చేతులాడిస్తూ గడుపుతుంది. టీచర్ పెరగలేదు, గది పెరగలేదు, గడియారం సాగలేదు. చిన్నపిల్లల తరగతిలో పాటకున్న మొదటి బలం ఇదే. అందం, సంస్కృతి, సంతోషం అన్నీ ఆ తర్వాతి మాటలు.

అయితే పాతికమంది కలిసి పాడితే గుంపులో గోవిందా అనేవాళ్ళు ఉండరా? తప్పకుండా ఉంటారు. పెదాలు మాత్రం కదిపే పిల్ల, చివరి అక్షరం మాత్రమే అందుకునే పిల్లాడు ప్రతి తరగతిలోనూ కనిపిస్తారు. పాట అందరికీ అవకాశం ఇస్తుందే తప్ప ఎవరికి వచ్చిందో చెప్పదు. అది చెప్పేది ఆట.

మిగిలిన పద్దెనిమిది నిమిషాలను అందుకు వాడతారు. పిల్లల్ని ఐదుగురేసి ఐదు జట్లుగా కూర్చోబెడతారు. నాలుగు జట్లు తమ పాటికి తాము ఆడుకుంటాయి. ఆయమ్మ వాటి మీద ఒక కన్నేసి ఉంచుతుంది. టీచర్ ఐదో జట్టుతో కూర్చుంటుంది. ఆ జట్టులో ఒక్కో బిడ్డకు మూడు నిమిషాల ముప్పయ్యారు సెకన్లు వస్తాయి. రోజుకో జట్టు చొప్పున ఐదు రోజుల్లో అందరూ అయిపోతారు. ఆరో రోజు, ఆ వారం రానివాళ్ళకు.

ఇక్కడ ఒక నష్టం కూడా ఉంది. ఒక్కొక్కరినీ పిలిచే పద్ధతిలో ఐదు రోజులకు కలిపి టీచర్ ముందు ఆరు నిమిషాలు దొరికేవి. జట్ల పద్ధతిలో మూడున్నరే. కానీ ఆ ఆరూ ఐదు ముక్కలు. బిడ్డ వచ్చి, పలక పట్టుకుని, సుద్దముక్క వెతుక్కునేలోపు ఒక ముక్క అయిపోతుంది. ఏకబిగిన మూడున్నర నిమిషాలు ఎదురుగా కూర్చుంటే ఆ బిడ్డ నిజంగా లెక్కపెడుతోందా, పక్కవాడి నోరు చూసి అంటోందా టీచర్‌కు తెలిసిపోతుంది. నాకైతే ఈ బేరం లాభమే అనిపిస్తుంది.

ఈ జట్ల పద్ధతి మనకు దూరదేశం నుంచి రాలేదు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న బడులు నడిపింది. ఒకే గదిలో వేర్వేరు తరగతుల పిల్లలు, ఒకరే టీచరు. పాఠాలను చిన్న కార్డులుగా విడగొట్టి, నిచ్చెన మెట్లలా పేర్చి, ఎవరి మెట్టు మీద వాళ్ళు ముందుకు పోయేలా చేశారు. కొందరు టీచర్ దగ్గర, కొందరు తోటిపిల్లల దగ్గర, కొందరు ఒంటరిగా పని చేసుకుంటారు. కర్ణాటకలో 1995లో మైసూరు జిల్లా హెచ్.డి. కోటెలో మొదలైన 'నలి-కలి' బోధన పద్ధతికి స్ఫూర్తి ఇక్కడిదే. మన సీమలో పుట్టిన పద్ధతి సరిహద్దు దాటి, పక్క రాష్ట్రంలో సర్కారు బడుల పద్ధతి అయింది.

సరే, లెక్క బాగానే ఉంది, ఎవరైనా పరీక్షించి చూశారా? చూశారు. దగ్గరిది తమిళనాడుది. అక్కడ 320 అంగన్‌వాడీలను తీసుకుని, చీటీలు వేసినట్టు సగం కేంద్రాలను ఎంచి, వాటిలో పూర్వ ప్రాథమిక విద్య కోసమే సగంపూట పనిచేసే మరో మనిషిని పెట్టారు. అలెహాండ్రో గనీమియన్, కార్తీక్ మురళీధరన్, క్రిస్టఫర్ వాల్టర్స్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ఫలితాలు చూశారు. పిల్లలకు చదువు చెప్పే సమయం రెట్టింపైంది. పద్దెనిమిది నెలల తర్వాత కేంద్రంలో కొనసాగిన పిల్లల మార్కులు లెక్కల్లో 0.29, భాషలో 0.46 'ప్రామాణిక విచలనాలు' పెరిగాయి.

ప్రామాణిక విచలనం అంటే పిల్లల మార్కులు సగటుకు అటూ ఇటూ ఎంత దూరం చెదిరి ఉన్నాయో చెప్పే కొలత. దాన్ని పక్కన పెట్టి ఇలా చూడండి. వందమంది పిల్లల్ని మార్కుల వరసలో నిలబెట్టారు. మధ్యలో, యాభయ్యో చోట ఉన్న పిల్ల లెక్కల్లో పదకొండు మందిని దాటుకుని అరవై ఒకటో చోటికి పోయింది. భాషలో అరవై ఎనిమిదో చోటికి. అంతేకాదు, ఎదుగుదల గిడసబారిన పిల్లలు, తీవ్రమైన పోషకాహార లోపం ఉన్న పిల్లలు కూడా ఆ కేంద్రాల్లో తగ్గారు. చదువు చెప్పే భారం పంచుకునే మనిషి దొరికితే, తిండి, తూకం పనులకు పాత టీచర్‌కు తీరిక దొరుకుతుంది మరి.

ఇది ఆటపాటలకు మాత్రమే దక్కిన ఫలితమని నేననను. అక్కడ పెరిగింది సమయం. కానీ మన ఊళ్ళో ఇప్పటికిప్పుడు రెండో టీచర్ రాదు. ఉన్న టీచర్‌తోనే ఒక్కో బిడ్డకు పని దొరికే సమయం పెంచాలంటే దారి పైన చెప్పిన లెక్కే.

ఆటల గురించే సూటిగా చూసిన పరిశోధన ఢిల్లీలో జరిగింది. 214 బాలవాడీలు, 1,540 మంది పిల్లలు, సగటున ఐదేళ్ళ వయసు. 2017లో 'సైన్స్' పత్రికలో అచ్చయింది. నాలుగు నెలలపాటు పిల్లల చేత లెక్కల ఆటలు ఆడించారు. రెండు చుక్కల గుంపుల్లో ఎక్కువ ఎందులో ఉన్నాయి, ఈ బొమ్మల్లో జట్టుకు చేరని బొమ్మ ఏది, ఇలాంటివి. ఎక్కువ తక్కువలు, ఆకారాలు చూడగానే పట్టుకునే నేర్పు పెరిగింది, చాలాకాలం నిలిచింది కూడా. అంకెలు, గుర్తుల విషయంలోనూ వెంటనే కొంత లాభం కనిపించింది. కానీ ఆ తర్వాత ఒకటో తరగతి లెక్కలు నేర్చుకోవడంలో ఈ పిల్లలు మిగతావాళ్ళకంటే ముందుకు పోలేదు.

ఆటంటే చాలు అన్నీ వచ్చేస్తాయి అనేవాళ్ళు ఈ ఫలితాన్ని దాటేస్తారు. నాకు మాత్రం ఇదే అన్నిటికంటే పనికొచ్చే ఫలితం. కన్ను పట్టుకున్న 'ఎక్కువ'కూ, నోటితో అనే 'ఏడు'కూ, పలక మీద గీసే 7కూ మధ్య వంతెన దానంతటది పడదని అది చెబుతోంది. ఆట ఆడేటప్పుడే ఆ మాట పలికించాలి, ఆ గుర్తు చూపించాలి.

మన వైపు కేంద్రాల్లో దీనికి కావలసిన సరంజామా కాళ్ళకిందే ఉంది. బేతంచెర్ల నాపరాళ్ళో, కడప బండలో పరిచిన నేల చాలాచోట్ల ఉంటుంది. ఒక్కో బండ ఒక్కో గడి. వరసగా పది బండల మీద సుద్దముక్కతో 1 నుంచి 10 దాకా రాస్తే తొక్కుడుబిళ్ళ సిద్ధం. బిడ్డ గెంతుతూ అంకెను నోటితో అనాలి. నాలుగో బండ మీద ఆపి, "ఇంకా రెండు గెంతితే యాడికి పోతావు?" అని అడగాలి. ముందు చెప్పి, ఆ తర్వాత గెంతి చూసుకోవాలి. చెప్పింది తప్పైతే ఎవరూ కోప్పడనక్కర్లేదు, బండ మీద అంకే చెబుతుంది. అదే ఆటను మాట లేకుండా, అంకె లేకుండా గెంతిస్తే కాళ్ళకు మంచిదే కానీ ఢిల్లీ పిల్లల దగ్గరే ఆగిపోతాం.

చింతగింజలతో ఇంకోటి. ఐదు గింజలు చాప మీద పోసి, పిల్లల చేత లెక్కపెట్టించి, కొన్నిటిని గుప్పిట్లో దాచాలి. చాప మీద మూడున్నాయి. గుప్పిట్లో ఎన్ని? కొందరు వెంటనే చెబుతారు, కొందరు వేళ్ళు ముడుస్తారు, కొందరు గుప్పిట విప్పబోతారు. ఆ మూడు రకాలూ మూడు వేర్వేరు మెట్లని టీచర్‌కు అక్కడికక్కడే అర్థమవుతుంది. తీసివేత అనే పేరు ఇంకా పదినెలలకో ఏడాదికో వస్తుంది. ఒక్క జాగ్రత్త: మూడేళ్ళలోపు పిల్లలున్న చోట చింతగింజలు, శనగలు వద్దు. గొంతులో ఇరుక్కుంటాయి. వాళ్ళకు సీసా మూతల్లాంటి పెద్ద వస్తువులు ఇవ్వాలి.

మళ్ళీ ఆ తల్లి ప్రశ్నకు వద్దాం. అక్షరాల మాటేమిటి? పాటతో అక్షరాలు వస్తాయా?

తెలుగుకు ఒక వెసులుబాటు ఉంది. మన అక్షరం ఒక్కో చప్పటకు సరిపోతుంది. కడప: క, డ, ప. మూడు చప్పట్లు, మూడు అక్షరాలు. ఆదోని మూడు. ప్రొద్దుటూరు నాలుగు. జమ్మలమడుగు ఆరు. పిల్లల పేర్లతో ఈ ఆట మొదలుపెడితే తరగతి ఆగదు. ఎవరి పేరుకు ఎక్కువ చప్పట్లు పడతాయో అని పోటీ. కర్నూలు దగ్గర చిన్న చిక్కు వస్తుంది: నోరు కర్-నూ-లు అని విరుస్తుంది, రాతలో ర 'నూ' నెత్తినెక్కుతుంది. అయినా లెక్క మూడే. ఒత్తులు వచ్చేసరికి పిల్లలు తడబడేది ఇందుకే, అది మొద్దుతనం కాదు. మాటను ముక్కలుగా వినగలిగిన చెవికి, ఒక్కో ముక్కకూ ఒక్కో గుర్తు ఉంటుందన్న సంగతి చెప్పడం సులువు. చెవి తయారవకముందే యాభై ఆరు అక్షరాలు దిద్దిస్తే చేతికి పని తప్ప తలకు పని లేదు.

ఇంగ్లీషుకు ఈ దారి ఇంత సూటిగా పోదు. 'క్యాట్' అంటే ఒక్క చప్పట, మూడు అక్షరాలు. అక్కడ ధ్వనిని ఇంకా సన్నగా చీల్చాలి. అందుకు అంత్యప్రాసల పాటలు పనికొస్తాయి. ఆక్స్‌ఫర్డ్‌లో పీటర్ బ్రయాంట్ బృందం 64 మంది పిల్లలను మూడేళ్ళ నాలుగు నెలల వయసు నుంచి ఆరేళ్ళ మూడు నెలల దాకా వెంబడించింది. చిన్నప్పుడు ఎక్కువ పిల్లల పాటలు వచ్చినవాళ్ళకు తర్వాత ధ్వనుల తేడా పట్టడం, చదవడం బాగా వచ్చాయి. ఇంటి స్థోమత, తెలివితేటల తేడాలు తీసేసి చూసినా పాటలకూ చెవి పదునుకూ సంబంధం నిలిచింది. 1989లో అచ్చయిన ఆ ఫలితం 64 మందిదే అని గుర్తుంచుకోవాలి. పాటే కారణమని అది రుజువు చేయదు, కానీ గట్టి సూచన.

పాటకు మన ప్రాంతంలో ఇంకో విలువ ఉంది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి కర్నూలు జిల్లా అక్షరాస్యత 59.97 శాతం, కడపది 67.30. ఏడేళ్ళు దాటినవాళ్ళలో కర్నూలులో పదిమందికి నలుగురు, కడపలో ముగ్గురు చదవలేనివాళ్ళు. బడి నుంచి పుస్తకం ఇంటికి పంపితే చదివి వినిపించేవాళ్ళు ఉండకపోవచ్చు. పాట పంపితే అవ్వ కూడా అందుకుంటుంది, రెండు చరణాలు తనవీ కలుపుతుంది. ఇంట్లో సుగాలీ మాటో, ఉర్దూనో, ఆలూరు వైపు కన్నడమో మాట్లాడే బిడ్డకైతే బడి తెలుగు ముందుగా నోటికి ఎక్కేది పాటలోనే. అర్థం ఆ తర్వాత నెమ్మదిగా దిగుతుంది.

"మా కాలంలో పాటలూ గీటలూ ఏవీ, వల్లె వేయించి నేర్పలేదా?" అనే తాతలకు చరిత్రలోనే జవాబుంది. 1823లో బళ్ళారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ తన జిల్లా వీధి బడుల మీద మద్రాసు ప్రభుత్వానికి నివేదిక పంపాడు. ఇప్పటి కర్నూలు జిల్లాలోని ఆదోని, ఆలూరు అప్పుడు బళ్ళారి కిందివే, 1953 దాకా. ఆయన లెక్కలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. బడికి పన్నెండు పదముగ్గురు. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవాళ్ళు, ఎక్కాలు ఒకే గొంతుగా అప్పజెప్పేవాళ్ళు, పెద్దపిల్లలు చిన్నవాళ్ళకు చెప్పేవాళ్ళు. ఇసుక, గుంపు గొంతు, తోటిపిల్లల సాయం: ఇప్పటి శిక్షణ తరగతుల్లో కొత్త పేర్లతో చెప్పేవి ఇవే. ఎక్కాన్ని రాగం తీసి చెప్పిన తాత పాట లేకుండా నేర్చుకున్నానంటే ఎలా? తేడా అంతా, అప్పటి పంతులు గారికి పన్నెండు మంది, మన టీచర్‌కు పాతిక.

సంగీతం వింటే పిల్లల బుర్ర పదునెక్కుతుందన్న ప్రచారం మాత్రం నమ్మకండి. ఆ కథ 1993లో మొదలైంది. 36 మంది కాలేజీ విద్యార్థులకు పది నిమిషాలు మోజార్ట్ సంగీతం వినిపిస్తే ఒక రకం పరీక్షలో కొంత మెరుగు కనిపించింది, అదీ పావుగంటలోపే కరిగిపోయింది. దాన్ని పట్టుకుని పసిపిల్లల క్యాసెట్లు అమ్మేశారు. 2013లో హార్వర్డ్ పరిశోధకులు నాలుగేళ్ళ పిల్లలకు ఆరు వారాల సంగీత తరగతులు పెట్టి చూశారు. రెండు ప్రయోగాలు, మొత్తం 74 మంది. లెక్కల్లో, మాటల్లో నిలకడైన లాభం ఏదీ తేలలేదు.

దొరికిన లాభం వేరే వైపుంది. జర్మనీలోని లైప్‌జిగ్‌లో నాలుగేళ్ళ పిల్లలు 96 మందిని ఇద్దరేసి జతలు కట్టి ఒకే ఆట ఆడించారు. సగం జతలు పాడుతూ, వాయిస్తూ ఆడాయి. మిగతావి పాట లేకుండా. తర్వాత చూస్తే, కలిసి పాడిన పిల్లలు ఒకరికొకరు ఎక్కువ సాయపడ్డారు, పనిని కలిసి చేశారు. మన ఊళ్ళల్లో చెక్కభజన చూసినవాళ్ళకు ఇది వింతేమీ కాదు. ఇరవైమంది చేతుల్లో చెక్కలు ఒకే క్షణాన మోగాలంటే ప్రతివాడూ పక్కవాడి అడుగు గమనించాల్సిందే. నాలుగేళ్ళ చేతులకు ఆ చెక్కలు బరువు. రెండు కొబ్బరి చిప్పలు చాలు.

ఆరేళ్ళలోపే మెదడు ఎదుగుదలలో 85 శాతం పైగా జరిగిపోతుందని 2020 జాతీయ విద్యావిధానం రాసింది. ఈ అంకె చూసి భయపడే తల్లిదండ్రులున్నారు. ఎదుగుదల అంటే చదువు కాదు. ఏడో ఏట అక్షరాలు మొదలుపెట్టిన పిల్లలు కూడా చక్కగా చదువుకుంటారు. తొందరగా పలక చేతిలో పెట్టమని ఆ 85 చెప్పడం లేదు. ఆ వయసులో తిండి, నిద్ర, మాట, ఆట తక్కువ కానివ్వొద్దంటోంది.

చోటు సంగతేంటి? 2013 జాతీయ విధానం ప్రకారం 30 మంది పిల్లలకు 35 చదరపు మీటర్ల గది ఉండాలి, బయట ఇంకో 30. ఆ గది అంటే పంతొమ్మిది అడుగులకు ఇరవై అడుగులు. ఒక్కో బిడ్డకు నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు చాపంత. పది అడుగులకు పన్నెండు అడుగుల అద్దె గదిలో పాతికమంది ఉంటే తలకు ఐదు చదరపు అడుగులు కూడా రావు, మఠం వేసుకుంటే మోకాళ్ళు తగులుతాయి. అలాంటి చోట గెంతుడు పాటలు పెట్టకూడదు. కూర్చుని చేతులతో, వేళ్ళతో ఆడేవి పెట్టాలి. గెంతుళ్ళు పొద్దున్నే, బండలు కాలకముందు, బయట. మన ఎండకు పది దాటితే ఏ విధానమూ పనికిరాదు.

డబ్బు? 12వ పంచవర్ష ప్రణాళికలో ఆటవస్తువుల కిట్‌కు ఒక్కో అంగన్‌వాడీకి ఏడాదికి 3,000 రూపాయలు పెట్టారు. పాతికమందికి పంచితే తలకు 120, నెలకు పది రూపాయలు. ఆ పది రూపాయల్లో ప్లాస్టిక్ బొమ్మ ఒకటి కొని, విరిగిపోతుందని బీరువాలో దాచే కంటే సుద్దముక్కలు, తాడు, బంతి, మట్టి మేలు. బీరువాలో భద్రంగా ఉన్న కిట్ తనిఖీకి వచ్చిన సూపర్‌వైజర్‌కు తప్ప ఎవరికీ ఉపయోగం లేదు.

కేంద్ర ప్రభుత్వం 2024లో 'ఆధారశిల' అని 48 వారాల పాఠ్యప్రణాళిక ఇచ్చింది. రోజూ ముందు అరగంట స్వేచ్ఛగా ఆట, తర్వాత టీచర్ నడిపే పని, భోజనం, విశ్రాంతి అయ్యాక ఆరుబయట ఆట. కాగితం మీద బాగుంది. దాన్ని నడపాల్సిన మనిషిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2023లో రాష్ట్రంలో 55,607 కేంద్రాలు ఉండేవి. 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సమ్మె చేసినప్పుడు టీచర్‌కు నెలకు 11,500, ఆయమ్మకు 7,000 వస్తున్నాయి. రోజుకు 383, 233 రూపాయలు. ఆ జీతానికి వంట చూడాలి, తూకాలు తీయాలి, ఫోన్‌లో యాప్ నింపాలి, గర్భిణుల ఇళ్ళకు పోవాలి. అంతా అయ్యాక గొంతెత్తి పాడాలి. పాట ఆగిపోయిన కేంద్రం కనిపిస్తే టీచర్‌కు మనసు లేదనే ముందు ఆ రోజు ఆమె ఎన్ని రిజిస్టర్లు రాసిందో అడగండి.

ఇంట్లో ఏం చేయొచ్చు? రోజుకు పది నిమిషాలు. ఏడాదికి అరవై గంటలు దాటుతుంది. పాడటం రాదనే మొహమాటం అక్కర్లేదు, నాలుగేళ్ళ శ్రోత శ్రుతి పట్టించుకోదు. ఫోన్‌లో పాటలు పెడితే సరిపోదా అంటే, పూర్తిగా సరిపోదు. ఫోన్ పాడుతుంది, బిడ్డ ఆగినా పాడుతూనే ఉంటుంది, తప్పన్నా పట్టించుకోదు. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకు తెర ముందు రోజుకు గంటకు మించొద్దని, మూడు నాలుగేళ్ళవాళ్ళకు రోజంతా కలిపి మూడు గంటలు ఒళ్ళు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. పాట కొత్తదైతే ఒకటి రెండుసార్లు ఫోన్‌లో విని నేర్చుకుని, ఆ తర్వాత ఫోన్ పక్కన పెట్టి మీరే అందుకోండి. మధ్యలో ఒక మాట మింగేయండి. బిడ్డ దాన్ని పూరించిందంటే పాట వచ్చినట్టు.

సుగ్గికి పోయే కుటుంబాలకు ఒక మాట. బిడ్డ పేరు పోషణ్ ట్రాకర్ యాప్‌లో నమోదై ఉంటే, పోయిన చోటి అంగన్‌వాడీకి ఆ నమోదు మార్చుకునే వీలుంది. బయల్దేరేముందు టీచర్‌కు చెప్పండి, బిడ్డ ఆధార్ వెంట ఉంచుకోండి, అక్కడ దిగిన వారంలోపే దగ్గరి కేంద్రం అడగండి. చేను గట్టు మీద చెట్టుకింద కూర్చోబెట్టే నాలుగు నెలలకు బదులు అక్కడ గుడ్డు, అన్నం, ఓ టీచరు దొరుకుతారు. పాటలు వేరేగా ఉంటాయి. రెండు ఊళ్ళ పాటలూ వస్తే బిడ్డకు పోయేదేమీ లేదు.